అప్పటికప్పుడు పరీక్షకు రెండేళ్ళ కోచింగు

మన ఇంజనీర్లకు అప్పటికప్పుడు ఏదీ తోచదన్న సంగతి ప్రభుత్వానికి అప్పటికప్పుడు తోచలేదు. దానికి కొన్నేళ్ళు పట్టింది. ఎక్కడి నుంచో వచ్చిన ఒక పెద్ద కంపెనీ వారు మన పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మాట్లాడించి, పోతూ పోతూ ఒక మాట అని పోయారు. "మీ పిల్లలు పుస్తకంలో ఉన్న ప్రశ్నకు పుస్తకంలో ఉన్న జవాబు బ్రహ్మాండంగా చెబుతున్నారు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే మాత్రం లిఫ్టు నిర్వచనం చెబుతున్నారు" అన్నారు.

ఇది పౌరుషానికి సంబంధించిన విషయం కాబట్టి ఉన్నతస్థాయి సంఘం వేశారు. సంఘం అన్నాక విదేశాలు తిరగాలి, తిరిగింది. ఒక మహానగరంలో వాన పడుతుంటే సభ్యులు ఒక నేలమాళిగలోకి దూరారు. అక్కడ ఒకాయన పొడుగాటి ట్రాంబోన్ బూర పట్టుకుని జాజ్ సంగీతం వాయిస్తున్నాడు. "తర్వాత ఏం వాయిస్తావు నాయనా?" అని అడిగితే "నాకేం తెలుసు?" అన్నాడు. సంఘం నివ్వెరపోయింది. వెంటనే నివేదిక రాసింది: "తాను ఏమి చేయబోవుచున్నాడో తనకే తెలియకుండా పని చేయగల సామర్థ్యము మన పాలనా యంత్రాంగంలో పుష్కలంగా ఉన్నప్పటికీ, విద్యార్థులలో కొరవడినది."

ఆ విధంగా ఇంజనీరింగు సీట్లలో ఒక వాటా తీసి, ట్రాంబోన్ మీద అప్పటికప్పుడు కల్పించి వాయించగలిగిన వాళ్ళకు కేటాయించారు. ట్రాంబోనే ఎందుకు, ఈల వేస్తే చాలదా అని ఒక సభ్యుడు అడిగాడట. ఈలకు సీలు వేయడం సాధ్యం కాదనీ, ట్రాంబోన్ గొట్టం ముందుకూ వెనక్కూ జారుతుంది కాబట్టి అభ్యర్థి ఏం చేస్తున్నాడో గది ఆ చివర నుంచి కూడా ఇన్విజిలేటరుకు కనబడుతుందనీ చెప్పి ఆయన్ని కూర్చోబెట్టారు. ఈ పరీక్షకు సర్కారు పెట్టిన పేరు "అప్రయత్న వాద్య సామర్థ్య నిర్ధారణ ప్రవేశ పరీక్ష". జనం నోరు తిరగక "అప్పటికప్పుడు పరీక్ష" అన్నారు.

ఇక జకరయ్య గురించి చెప్పాలి. బిట్రగుంట రైల్వే కాలనీ చివరింట్లో ఉంటాడు. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఈ రాష్ట్రంలో జాజ్ ట్రాంబోన్ మీద గ్రామఫోను రికార్డు ఇచ్చిన మనిషి ఇతనొక్కడే. ఇతని వాయిద్యం విన్నవాళ్ళు తక్కువ, చివరిదాకా విన్నవాళ్ళు మరీ తక్కువ.

మొదట్లో పెళ్ళి బ్యాండులో వాయించేవాడు. ఊరేగింపులో మిగతా మేళమంతా సినిమా పాట పట్టుకుని ఒక వీధిలో పోతుంటే, జకరయ్య అదే పాట పట్టుకుని పక్క సందులోకి తిరిగేవాడు. కావలిలో ఒక పెళ్ళిలో ఇతని బూర మూలుగు విని పెళ్ళికొడుకు గుర్రం నడిబజారులో కూర్చుంది. గుర్రం లేవలేదు, పెళ్ళికొడుకు దిగలేదు, ముహూర్తం ఆగలేదు. బ్యాండు మాస్టరు అక్కడికక్కడే ఇతని టోపీ పీకేశాడు. తర్వాత రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఫిలిప్స్ అనే ఇంజను డ్రైవరు దగ్గర జాజ్ నేర్చుకుని, అందులోనూ తిన్నగా పోక, ఆ ఫిలిప్స్‌కే తలనొప్పి తెప్పించేంత దూరం పోయాడు. ఎంత దూరం పోయినా వెనక ఒక్కడు మాత్రం విడవకుండా ఉండేవాడు. డ్రమ్ములు వాయించే నాగూర్‌మీరా. ఇద్దరిదీ ఒకే షెడ్డు, ఒకే షిఫ్టు. జకరయ్య ఎటు తిరిగితే అటు తిరిగేవాడు, ఒక్కోసారి ముందే పోయి అక్కడ కూర్చుని "రా రా" అనేవాడు.

వీళ్ళిద్దరూ కలిసి మూడు రికార్డింగులు చేశారు. మొదటిది "మూడో లైను". రెండోది క్యాసెట్టు, పేరు "పేరు తర్వాత చెప్తా"; దాని టేపు ఎప్పుడో తెగి పోయింది. మూడోది చేసిన స్టూడియో వాడు విని, దాని మీదే ఒక భక్తిగీతం ఎక్కించేశాడు. మిగిలింది "మూడో లైను" ఒక్కటే. అమ్ముడుపోని ప్రతులు ఇంట్లోనే ఉన్నాయి. జకరయ్య భార్య సలోమి వాటిని ఊరగాయ జాడీల మీద మూతలుగా వాడుకుంటోంది.

అటువంటి ఇంటి ముందు ఒకరోజు పొడుగాటి కారు ఆగింది. దిగినాయన పరాంకుశం. "మేధోమథనం విద్యాసంస్థలు" అధిపతి. రాష్ట్రంలో ఏ పరీక్ష పుట్టినా పురుడు పోయడానికి ముందు ఈయన వచ్చి వాకిట్లో నిలబడతాడు.

"మాస్టారూ, కంగ్రాచ్యులేషన్స్! మీ 'మూడో లైను' పాఠ్యగ్రంథం అయింది" అన్నాడు.

"ఏదీ, ఆవకాయ జాడీ మీదదా, నిమ్మకాయ జాడీ మీదదా?" అంది సలోమి.

"ఏదైనా ఒకటేనమ్మా. అభ్యర్థులు అప్పటికప్పుడు వాయించాలి, కరెక్టే. కానీ అప్పటికప్పుడు వాయించింది కరెక్టో కాదో తెలియాలంటే ఒక కీ ఉండాలి కదండీ. లేకపోతే మార్కులు ఎలా వేస్తారు? కన్వీనరుగారు మీ రికార్డునే కీగా ఖాయం చేశారు."

జకరయ్యకు ఒక క్షణం ఏదో తేడాగా అనిపించింది. కానీ నలభై ఏళ్ళుగా ఊరంతా చెవులు మూసుకున్న వాయిద్యానికి ఇవాళ కారు వేసుకుని వచ్చి దండం పెడుతుంటే ఎవరికి మాత్రం బుర్ర పనిచేస్తుంది? "మంచిది సార్" అన్నాడు. ఆ మాట అన్నందుకు తర్వాత తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

కీ తయారీకి రాజధానికి పిలిపించారు. కన్వీనరు డాక్టర్ అచలపతి. వృత్తిరీత్యా కాంక్రీటు శాస్త్రవేత్త. చుట్టూ నిపుణులు, నడుమ గ్రామఫోను. రికార్డు కాసేపు తిరిగేది, ఆయన చెయ్యెత్తేవాడు, ఆపేవారు.

"ఇచట తమరు కిందికి జారి, పిదప హఠాత్తుగా పైకి పోయినారు. కారణము?"

"అట్టా అనిపించింది సార్."

"రాసుకోండి. 'అట్టా అనిపించుట', రెండు మార్కులు. అనిపించీ అనిపించనట్లున్నచో స్టెప్ మార్కు ఒకటి." రికార్డు మళ్ళీ తిరిగింది. "ఇదేమి ధ్వని? మూడు పర్యాయములు వచ్చినది."

జకరయ్య సిగ్గుపడ్డాడు. "ఎక్కిళ్ళు సార్. రికార్డింగు నాడు నాగూర్‌మీరా వాళ్ళింట్లో బిర్యానీ ఎక్కువ తిన్నా. నీళ్ళు తాగే టయిము లేకపోయింది."

"అప్రయత్నముగా వచ్చినవేనా?"

"ఎక్కిళ్ళు ప్రయత్నం చేస్తే ఎక్కడొస్తాయి సార్?"

నిపుణులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రికార్డు మొత్తంలో అప్రయత్నానికి ఇంతకన్నా రుజువు దొరకదని తేలింది. ఎక్కిళ్ళకు అత్యధిక వెయిటేజీ ఇచ్చారు. ఆ తర్వాత నాగూర్‌మీరా చేతిలోంచి పుల్ల జారిపడి "అరె" అనడం వినిపించింది. అదీ చేర్చారు. పక్కన పోతున్న గూడ్సుబండి కూత దగ్గర మాత్రం పెద్ద చర్చ జరిగింది. కూత అభ్యర్థే వెయ్యాలా, ప్రభుత్వం సరఫరా చెయ్యాలా? రైలుమార్గం లేని జిల్లాల వారికి అన్యాయం జరగకూడదని, కూతకు టెండర్లు పిలవాలని తీర్మానించి భోజనానికి లేచారు.

మేధోమథనం వారి క్యాంపసు నెల్లూరు శివారులో నాలుగంతస్తులు. జకరయ్య అక్కడ "ఆకస్మికతా విభాగం ప్రధానాచార్యుడు" అయ్యాడు. హైవే మీద అతని హోర్డింగు లేచింది. చేతిలో ట్రాంబోన్, పక్కన "తోచకపోతే మాది పూచీ!" అన్న అక్షరాలు. జకరయ్య నెల్లూరు పోయే బస్సులో కావాలని ఎడమవైపు సీటు పట్టుకునేవాడు. ఆ హోర్డింగు బాగా కనబడేది ఆ వైపునుంచే.

క్యాంపసులో టైం టేబుల్ గోడకు అంటించి ఉండేది. తెల్లవారుజామున ఆకస్మికత. టిఫిను తర్వాత తోచుట. మధ్యాహ్నం ఎక్కిళ్ళు, ప్రాక్టికల్. సాయంత్రం భావావేశం, ఏసీ క్యాంపసు వారికి మాత్రమే. ఎక్కిళ్ళ కోసం పిల్లలకు పొడి అటుకులు పెట్టి నీళ్ళు ఇచ్చేవారు కాదు. హాస్టలు గదుల్లో ఒకడు గొట్టం ముందుకు జార్చితే ఎదురు మంచం మీదివాడి కళ్ళజోడు లేచిపోయేది.

"మావాడికి మూడో ఎక్కిలి సరిగ్గా రావట్లేదు మాస్టారూ" అని ఒక తండ్రి జకరయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "రెండు దాకా బానే వస్తాడు, మూడోదానికి చతికిలపడతాడు. వాళ్ళ పెదనాన్న కొడుక్కి నిద్రలో కూడా వస్తున్నాయంట. మాకు తలెత్తుకోను లేదు."

ఇంకో రోజు జకరయ్య వరండాలో నడుస్తుంటే ఒక తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడి ఉంది.

"సార్, ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇంకోలా తోచింది. ఇటు కాకుండా అటు పోతే..."

"తోచింది వాయించకమ్మా" అన్నాడు లెక్చరరు ఓపికగా. "తోచాల్సింది వాయించు. కూర్చో."

జకరయ్య గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి పోయి ఆ అమ్మాయిని "ఏదీ, అటు ఎట్టా పోతావో వాయించమ్మా" అని అడగాలనిపించింది. ఈలోపు పరాంకుశం మనిషి వచ్చి కొత్త హోర్డింగుకు ఫొటో తీయాలన్నాడు. జకరయ్య తల దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఇంటికి వస్తే అరుగు మీద నాగూర్‌మీరా కూర్చుని ఉన్నాడు. సలోమి గొంతు చించుకుని మాట్లాడుతోంది.

"ఎందుకే అట్టా అరుస్తుండావు?"

"అరవక ఏం చెయ్యమంటావు? ఆయనకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా పోతాదంట. డాక్టరు చెప్పేశాడు, ఇంక కొద్ది నెల్లేనంట!"

నాగూర్‌మీరా మాత్రం నవ్వుతున్నాడు.

"నరం చచ్చిపోయిందంటరా. ఏం పని చేస్తావని అడిగాడు డాక్టరు. నలభై ఏళ్ళు ఒకడి బూర ముందర కూర్చున్నానన్నా. ఇంకేం చెప్పబాకు, అర్థమైందన్నాడు."

"నా వల్లనే పోయిందా మీరా?"

"నీ వల్ల కాక నీ హోర్డింగు వల్ల పోతాదా? పోనీలే. పోయేలోపల నాకు కొత్తది ఒకటి వినిపించు. నేనింతకు ముందు వినంది. అదొక్కటి వింటే చాలు, ఇంక ఈ లోకంలో వినాల్సినంత మాటలేం లేవు."

జకరయ్య లోపలికి పోయి ట్రాంబోన్ తెచ్చాడు. కళ్ళు మూసుకుని ఊదాడు. బయటికి వచ్చింది "మూడో లైను". ఆపి, గొంతు సవరించుకుని మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే, మార్కుల వారీగా. ఎక్కిళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాగూర్‌మీరా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మా మనవరాలు కూడా వాయిస్తాది. ఏడో తరగతి ఫౌండేషన్ బ్యాచి."

పిల్లల చేత బట్టీ పట్టించి పట్టించి జకరయ్య పెదవులకే బట్టీ పట్టేసింది. పట్టుదలగా మళ్ళీ మళ్ళీ ఊదాడు. చాలాసేపటికి, ఎక్కడో ఒక మూల, ఇదివరకు ఎరగని ఒక చిన్న దారి కనబడింది. నాగూర్‌మీరా కుడి చెవి అటు తిప్పాడు. సరిగ్గా అప్పుడు ఎదురింటి గుమాస్తా లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! ఆపండాపండి! ఇప్పుడు వాయించింది సిలబస్సులో ఉందా?"

"లేదు. ఊరికే..."

"ఊరికేనా! మా పిల్ల రెండేళ్ళ నుంచీ లాంగ్‌టర్మ్ చేస్తా ఉంది! మీరిప్పుడు ఇంకో రకంగా వాయిస్తే పాతది తప్పనేగా? కీ మారిపోతే మా బతుకులేం గావాల?"

సాయంత్రానికి వాకిలి నిండా తల్లిదండ్రులు. ఇద్దరు తల్లులు ఏడుస్తున్నారు. ఒకాయన తన కొడుకు ర్యాంకు పోతే ఈ అరుగు మీదే నిరాహారదీక్ష చేస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే కన్వీనరు అచలపతి స్వయంగా వచ్చాడు, వెంట ఒక నోటీసు.

"మూల్యాంకన ప్రామాణికమును మూలకర్తయే భంగపరచుట క్షమార్హము కాదు. తమరు ఇకపై కీకి భిన్నముగా ఒక్క ధ్వని చేసినను లక్షలాది అభ్యర్థుల భవితవ్యము ప్రశ్నార్థకమగును. ప్రవేశాల ప్రక్రియ సంపూర్ణముగా ముగియు వరకు తమరు కొత్తగా ఏమియు తోచుకొనరాదు."

"సార్, నా స్నేహితుడికి చెవులు పోతుండాయి. ఒక్కసారి..."

"వారికి కీ ప్రకారం వినిపించుటకు అభ్యంతరము లేదు" అన్నాడు కన్వీనరు దయగా.

ప్రవేశాల ప్రక్రియ ఎప్పుడు ముగుస్తుందంటే ఎవరూ చెప్పలేకపోయారు. కూతల టెండరు మీద ఒక కేసు ఉంది, ఎక్కిళ్ళు రాని అభ్యర్థుల సంఘం వేసింది ఇంకొకటి ఉంది. ఈలోగా జకరయ్య అరుగు మీద ఒక ఫ్లయింగ్ స్క్వాడు ఉద్యోగిని కాపలా కూర్చోబెట్టారు. ఎగిరే పని లేదు కాబట్టి అతను అక్కడే కూర్చుని సలోమి ఇచ్చిన మజ్జిగ తాగేవాడు. లోపలినుంచి జకరయ్య దగ్గినా "సార్, అది కీలో ఉందా?" అని అడిగేవాడు.

ఒకసారి కళ్ళుగప్పి ఇద్దరూ తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు పోయారు. అక్కడైతే ఎవడుంటాడని. తీరా పోతే ఇసకలో మేధోమథనం వారి పిల్లలు వరసలు తీరి కూర్చుని ఉన్నారు, ప్రకృతికి స్పందించుట అనే అధ్యాయం కోసం. సముద్రం కనబడితే దృష్టి చెదురుతుందని అందర్నీ సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. జకరయ్యను చూడగానే లెక్చరరు చప్పట్లు కొట్టించాడు. జకరయ్య ట్రాంబోన్ వీపు వెనక దాచుకుని తిరుగుముఖం పట్టాడు.

నాగూర్‌మీరా చెవి రోజురోజుకీ తగ్గుతోంది. ఎదురుగా నిలబడి అరిచినా రెండోసారి చెప్పాల్సి వస్తోంది. జకరయ్య అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కంచంలోనే వదిలేస్తున్నాడు. హోర్డింగు వైపు సీటులో కూర్చోవడం ఎప్పుడో మానేశాడు, ఉద్యోగానికి పోవడం కూడా మానేశాడు.

"ఏడిస్తే వచ్చేదేం లేదు గానీ, ఆ నోటీసు ఇట్టా తే" అంది సలోమి ఒకనాడు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. ఆమె ముప్ఫై ఏళ్ళు రైల్వే క్వార్టర్సులో కాపురం చేసిన మనిషి, నోటీసులకు జడిసే రకం కాదు. "ఇదిగో, ఈడ చూడు. 'పరీక్షా కేంద్రమందు తప్ప మరెచ్చటను' అని రాశాడు వెర్రినాయన."

"అయితే?"

"అయితే ఏంది అయితే! పోయి పరీక్ష రాయి."

జకరయ్య నోరు తెరిచాడు. పరీక్షకు వయోపరిమితి పెట్టడం సంఘం మరిచిపోయింది. పైగా వేరే ఏదో ఉత్తర్వులోంచి ఎత్తి రాసిన నిబంధనల్లో అరవై దాటిన అభ్యర్థి వెంట సామాను మోయడానికి ఒక సహాయకుడు రావచ్చని కూడా ఉంది. నాగూర్‌మీరాకు సైగలతో విషయం చెబితే, అర్థమయ్యాక ఆ ముసలాయన అరుగు మీంచి పడిపోయేటంత నవ్వాడు. "చిన్నప్పుడు స్కూలెగ్గొట్టి తిరిగినందుకు ఈ వయసులో పరీక్ష పెట్టాడ్రా అల్లా మనకి!"

పరీక్షనాడు నెల్లూరు పరీక్షా కేంద్రం ముందు తిరునాళ్ళలా ఉంది. నిమిషం ఆలస్యమైనా రానివ్వరని తెల్లారకముందే వచ్చి కూర్చున్నవాళ్ళున్నారు. చెప్పులు విప్పించారు, మొలతాళ్ళు చూశారు, ఫోన్లు లాక్కున్నారు. ట్రాంబోన్ల లోపల చీటీలు ఉంటాయేమోనని టార్చిలైటు వేసి చూశారు. అప్పటికప్పుడు తోచాల్సిన పరీక్షకు చీటీ ఎందుకని ఎవరూ అడగలేదు.

జకరయ్య వంతు వచ్చింది. గదిలో ఒక ఫిజిక్సు లెక్చరరు కీ ముందు పెట్టుకుని, ఎర్ర కలం విప్పుకుని కూర్చున్నాడు. అభ్యర్థిని చూసి లేచి నిలబడబోయి, నిబంధన గుర్తొచ్చి కూర్చున్నాడు. నాగూర్‌మీరా మూల స్టూలు మీద కుడి చెవి ముందుకు పెట్టి కూర్చున్నాడు.

గంట మోగింది. జకరయ్య ఊదాడు. పెదవులు పాడుగాను, మళ్ళీ "మూడో లైను"! లెక్చరరు మొహం విప్పారింది. టిక్కు, టిక్కు, రెండు మార్కులు, మూడు మార్కులు. మూల ఉన్న నాగూర్‌మీరా మొహం మాత్రం పాలిపోయింది. తల దించుకున్నాడు. ఇన్నేళ్ళ స్నేహంలో నాగూర్‌మీరా తన వాయిద్యానికి తల దించుకోవడం జకరయ్య ఎన్నడూ చూడలేదు.

ఊదడం ఆపేశాడు. లెక్చరరు కంగారుపడి "సార్, తర్వాత ఎక్కిళ్ళు, ఎక్కిళ్ళు" అని గొణిగాడు, పాపం మంచివాడే. జకరయ్య వినలేదు. తరగతిలో ఆ అమ్మాయి అన్న మాట ఎందుకో గుర్తొచ్చింది. ఇటు కాకుండా అటు పోతే? పోయి చూద్దాం, పోయేదేముంది, సీటేగా!

పోయాడు. మొదట ట్రాంబోన్ పిల్లి గొంతు పెట్టింది. తర్వాత ముక్కుతో మాట్లాడింది. ఒకచోట జారి, జారినచోటే నిలబడి, తనని తానే వెక్కిరించుకుంది. లెక్చరరు కలం మైనస్సులు పెడుతూ పోయింది. పెట్టి పెట్టి, ఏది మైనస్సో కూడా తెలియని చోటికి వచ్చి, ఆయన కలం పక్కన పెట్టేసి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. జకరయ్యకు తర్వాతి శ్వాసలో ఏముందో తెలియదు. భయంగా ఉంది. ఆ భయం ఎంత బాగుందో, దాన్ని ఇన్నాళ్ళు ఎలా మరిచిపోయాడో!

అప్పుడు మూలనుంచి చప్పుడు వచ్చింది. నాగూర్‌మీరా స్టూలు మీద వేళ్ళతో మొదలుపెట్టాడు. అంతలో పక్కనున్న చెక్క బల్లను లాక్కుని రెండు చేతులా వాయించాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు ఇకిలిస్తున్నాడు, "ఇదెక్కడిదిరా! ఇదెక్కడిదిరా నీ జిమ్మడా!" అని అరుస్తున్నాడు. ఆ అరుపులు తనకే సరిగ్గా వినబడటం లేదు, అందుకే కేంద్రమంతా వినబడేలా అరిచాడు.

చీఫ్ సూపరింటెండెంటు పరుగెత్తుకొచ్చాడు. వెనకాల అచలపతి.

"ఇది మాస్ కాపీయింగ్! బయటి వ్యక్తి సహకారము! ఆపించండి!" అన్నాడు అచలపతి.

"ఆపలేం సార్" అన్నాడు ఫిజిక్సు లెక్చరరు మెల్లిగా. "చివరి గంట కొట్టేదాకా అభ్యర్థిని లేపకూడదని మీరే రాశారు."

అచలపతి గడియారం చూశాడు, గంట కొట్టే బంట్రోతును చూశాడు. బంట్రోతు తలుపు దగ్గర నిలబడి కాలితో తాళం వేస్తున్నాడు. అదీ ఎవరూ నేర్పకుండా జరిగిన పనే. గంట కొట్టాల్సిన వేళకే కొట్టాడు గానీ, కొట్టడానికి కొంచెం బాధపడ్డాడు.

ఫలితాలు వచ్చాయి. జకరయ్యకు రాష్ట్రంలోనే ఆఖరి ర్యాంకు. మార్కులు సున్నాకు బాగా దిగువన ఉన్నాయి. సహాయకుణ్ణి మాల్‌ప్రాక్టీసు కింద బుక్ చేసి, భవిష్యత్తులో ఇంజనీరింగు చదవకుండా శాశ్వతంగా నిషేధించారు. పరాంకుశం హోర్డింగు దించేసి, అదే ఫ్రేములో మొదటి ర్యాంకు పిల్లవాణ్ణి ఎక్కించాడు. నాగూర్‌మీరా కుడి చెవి ఆ నెలాఖరుకు పూర్తిగా మూసుకుపోయింది. మూసుకున్నాక కూడా మనిషి దిగులు పడలేదు. రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, సలోమి ఏం తిట్టినా "ఆ, బాగుండాది" అంటాడు.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ పెద్ద కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. మొదటి ర్యాంకుల పిల్లలందర్నీ విన్నారు. అందరూ ఒకే చోట ఎక్కిళ్ళు పెట్టారు, ఒకే గొంతుతో "అరె" అన్నారు. విన్నాక వాళ్ళు అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ దగ్గర ఆఖరి ర్యాంకు ఎవరు?"

దాంతో ఆఖరి ర్యాంకరు వాయించిన దాన్నే వచ్చే ఏటి కీ చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వెతికితే దాని రికార్డింగు ఎక్కడా లేదు. ఫోన్లన్నీ గేటు దగ్గర లాక్కున్నారు కదా! లెక్చరరు కాగితం మీద ఉన్నవి మైనస్సులే. అచలపతి ఫైళ్ళ అట్టపెట్టె ఒకటి చేత పట్టుకుని, ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని బిట్రగుంట వచ్చాడు.

"ఏం వాయించావో గుర్తులేదు సార్" అన్నాడు జకరయ్య. అది అబద్ధం కాదు. ఆ దారి ఆ ఒక్కసారికే తెరుచుకుంది.

"మీ సహాయకుడు తాళము వేసినాడు గదా. కనీసము తాళము లభించినచో, దానినుంచి మిగతా భాగము పునర్నిర్మించెదము." కన్వీనరు ప్రశ్న పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి నాగూర్‌మీరా చేతికిచ్చాడు.

నాగూర్‌మీరా చదివాడు. జకరయ్య వంక ఓరగా చూశాడు. అచలపతి చేతిలోని అట్టపెట్టె లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, ఒక దరువు వేశాడు. పెళ్ళి బ్యాండు దరువు. గుమాస్తా గబగబా రాసుకున్నాడు. "ఇదేనా?" అని కన్వీనరు సైగ చేశాడు. నాగూర్‌మీరా భక్తిగా తలూపి, అదేనంటూ ఇంకొకటి వేశాడు. రెంటికీ పోలిక లేదు. గుమాస్తా (ఎ) అనీ (బి) అనీ పేర్లు పెట్టాడు. నాగూర్‌మీరా కళ్ళు మూసుకుని మూడోది మొదలుపెట్టాడు.

జకరయ్య గుర్తుపట్టాడు. మూడోది అదే. పరీక్ష గదిలో చెక్క బల్ల మీద తన వెంట పరుగెత్తుకొచ్చిన దరువు, ఒక్క దెబ్బ పొల్లు పోకుండా. ఈ ముసలాడు చెవిటివాడై కూడా దాన్ని పోగొట్టుకోలేదు. రోజూ ఈ అరుగు మీద ఊరికే కూర్చుంటున్నాడనుకున్నాడు, లోపల దాన్ని వింటూ కూర్చుంటున్నాడన్నమాట. జకరయ్య మొహం పక్కకు తిప్పుకుని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

గుమాస్తా దానికి (సి) అని పెట్టాడు. నాగూర్‌మీరా అట్టపెట్టె తిరిగిచ్చేసి, అలసిపోయినట్టు గోడకు చేరగిలబడ్డాడు.

"ఇందులో ఏది సరియైనది?" అచలపతి కలం పట్టుకుని జకరయ్య వైపు తిరిగాడు. "మూలకర్తగా తమరు ధ్రువీకరించవలెను. ఎ, బి, లేక సి?"

జకరయ్య మూడు దరువుల కాగితాన్ని తీసుకుని, చాలాసేపు పరీక్షగా చూసి, వినయంగా వెనక్కిచ్చేశాడు.

"పైవేవీ కావు సార్" అన్నాడు.